మా చెమటకు లెక్క రాసిందెవరు?

సికింద్రాబాద్‌లో బోయిగూడ అని ఒక బస్తీ ఉంది. పల్లకీలు మోసిన బోయీల పేరు అది. కాస్త అవతల కవాడిగూడ. పేరులోనే కావడి ఉంది. వీటికి దగ్గర్లోనే బన్సీలాల్‌పేట్. ఇది బరువు మోసినవాళ్ళ పేరు కాదు, డబ్బు పెట్టిన సేఠ్ పేరు. పాత మెట్లబావి చుట్టూ ఉన్న బస్తీని బాగుచేయడానికి సేఠ్ బన్సీలాల్ సొమ్మిచ్చాడు. 1933లో అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ కీస్ దాన్ని ప్రారంభించాడు. అంతకుముందు ఆ చోటు నాగన్నకుంట. మోసినవాళ్ళు గుంపుగా మిగిలారు. సేఠ్ ఒక్కడు మనిషిగా మిగిలాడు. పనిచేసినోళ్ళకు వృత్తి పేరు, పైసలున్నోళ్ళకు సొంత పేరు. మన ఊళ్ళ చరిత్ర చాలావరకు ఇట్లనే రాసి ఉంది.

మేం ముస్లింలం. ఈ రాతలో మా సంగతి ఇంకా విచిత్రం. చరిత్ర పుస్తకాల్లో మేం రెండే చోట్ల కనిపిస్తాం. ఒకటి తఖ్తు మీద, రెండు కల్లోలంలో. అయితే నవాబులం, కాకపోతే నిందితులం. తఖ్తుకూ కల్లోలానికీ మధ్య తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా రిక్షా తొక్కి, తోలు ఊనబెట్టి, దూది ఏకి, పంచర్లు వేసి, బీడీలు చుట్టి బతికిన బతుకు ఎక్కడ రాసి ఉంది? 'మీరు ఏలినోళ్ళు గదా' అని ఇప్పటికీ మమ్మల్ని అంటుంటారు. ఏలినోడి గుర్రానికి గడ్డి వేసినవాడు మా తాత అని చెప్పుకోవడానికి మా దగ్గర పుస్తకం లేదు.

ఉర్దూలోనూ తెలుగులోనూ రాస్తూ బతుకుతున్న మాకు ఈ లోటు రోజూ కనిపిస్తుంది. ముస్లిం మజ్దూర్ చనిపోతే ఉర్దూ పత్రికకు అది మిల్లత్ కష్టం. తెలుగు పత్రికకు అది మైనార్టీ వార్త. కార్మికుడి మరణంగా మాత్రం రెండింటిలోనూ అరుదుగానే వస్తుంది. మఖ్దూం మొహియుద్దీన్ అంతటివాడి గతే అట్లా ఉంది. 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు ఆయన అధ్యక్షుడు. ఉర్దూవాళ్ళు ఆయన్ని షాయర్‌గా దాచుకున్నారు. కమ్యూనిస్టులు కార్మిక నాయకుడిగా దాచుకున్నారు. ముస్లిం అయి ఉండి, కార్మికుల మనిషై ఉండి, ఉర్దూలో ఆలోచించిన ఒకే మఖ్దూంని ఎవరూ నిండుగా తీసుకోలేదు.

మనిషిని రెండు ముక్కలు చేసి రాసే ఈ అలవాటుని ఎదిరించాలంటే కోపం ఒక్కటే సరిపోదు. లెక్క కావాలి. ఎవరు ఏ పని చేస్తున్నారు, ఎక్కడినుంచి వచ్చారు, ఎక్కడికి పోయారు, ఏ నౌకరీలో ఎందరున్నారు, ఏ హక్కు దక్కలేదు అని ఏళ్ళ తరబడి కూర్చుని కాగితాలు తిరగేసేవాళ్ళు కావాలి. అటువంటివాళ్ళు కొందరు వచ్చారు. వాళ్ళ గురించి తెలుగులో చెప్పుకున్నది తక్కువ. ఆ కొందరిలో ఒకడు మన హైదరాబాదీ, ఉమర్ ఖాలిదీ.

ఆయన దగ్గరికి పోయేముందు సికింద్రాబాద్ సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. 1806లో సికందర్ జా పేరు మీద వెలిసిన ఈ ఊరు పుట్టుకతోనే వలస ఊరు. కంపెనీ పల్టన్ దిగింది. పల్టన్ వెంట వంటవాళ్ళు, దర్జీలు, ధోబీలు, కసాబులు, నీళ్ళు మోసే భిస్తీలు దిగారు. 1874లో రైలు వచ్చింది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు వచ్చింది. ఇంజన్లకు బొగ్గు వేసే చేతులు, పట్టాలు సరిచేసే చేతులు, మూటలు దించే చేతులు ఇంకా కావలసివచ్చాయి. తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ, హిందీ ఒకే నల్లా దగ్గర నీళ్ళు పట్టుకున్నాయి. ఇక్కడ ఎవరు స్థానికుడు, ఎవరు పరాయి అని అడగడం మొదలుపెడితే ముందు ఊరి పునాదినే అడగాలి.

రైలు మా ఊరికి అన్నం పెట్టింది. మరి ఆ రైల్వేలో మేం ఎందరం? దేశం మొత్తం మీద ఈ ప్రశ్నకు ఒక జవాబు 2006లో వచ్చింది. ఆ ఏడాది సచార్ కమిటీ చెప్పింది. రైల్వేలో దాదాపు 14 లక్షల ఉద్యోగులుంటే ముస్లింలు సుమారు 64 వేలు, అంటే 4.5 శాతం. 2001 జనాభాలో మేం 13.4 శాతం. ఆ 64 వేలలో 98.7 శాతం కింది స్థాయి నౌకరీల్లోనే ఉన్నారు. 'మీకేం తక్కువ' అని అడిగేవాళ్ళకు ఆ రోజుతో మా దగ్గర ఒక జవాబు తయారైంది. అంతకుముందు అరవై ఏళ్ళు మేం అదే మాట చెబితే ఫిర్యాదు అన్నారు. అంకె వచ్చాక అది వాస్తవమయింది.

ఆ అంకె కోసం ముందుగా దారి తవ్వినవాళ్ళలో ఖాలిదీ ఒకరు. ఆయన తండ్రి అబూ నస్ర్ మహమ్మద్ ఖాలిదీ ఉస్మానియాలో ఆచార్యుడు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన విశ్వవిద్యాలయం అది. 1948 తర్వాత ఆ మాధ్యమం పోయింది. వైద్యం, ఇంజనీరింగు, చరిత్ర అన్నీ ఉర్దూలో చదివిన ఒక తరానికి చదువు చేతిలో ఉండగానే భాష చెల్లకుండా పోయింది. చిన్నప్పటినుంచి అటువంటి మాటలు విన్న ఇంటి పిల్లవాడు ఉమర్. చదువు కోసం అమెరికా పోయాడు. విచిటాలో చరిత్ర చదివాడు. హార్వర్డ్‌లో ఎం.ఏ. స్థాయి చదువు పూర్తిచేశాడు. 1994లో వేల్స్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు.

ఆయన నౌకరీ మాత్రం ఆచార్యుడిది కాదు. 1983 నుంచి ఎం.ఐ.టి.లో ఆగాఖాన్ ఇస్లామిక్ వాస్తు విభాగం లైబ్రరీలో పనిచేశాడు. పుస్తకాలు, నక్షాలు, ఫొటోలు చూసుకునే పని. ముస్లింల ఉపాధి, వలస, సైన్యంలో పోలీసుల్లో వాళ్ళ వాటా - ఇదంతా ఆ నౌకరీకి బయట చేసుకున్న పని. ఆ పని చేయమని ఎవరూ ఆయనకు కుర్చీ వేయలేదు. జీతం ఒకదానికి, జీవితం ఇంకొకదానికి. మన దగ్గర ఇటువంటి విషయాల మీద పనిచేసిన ముస్లిం పరిశోధకుల్లో చాలామంది బతుకు ఇదే. అందుకే ఖాలిదీ కథ ఒక్క మనిషి కథ కాదు.

1988లో ఆయన సంపాదకత్వంలో 'హైదరాబాద్: ఆఫ్టర్ ది ఫాల్' వచ్చింది. పోలీస్ యాక్షన్ అని మనం అలవాటుగా అనే 1948 సెప్టెంబర్ సైనిక చర్య తర్వాత హైదరాబాద్ ముస్లింలకు ఏం జరిగిందో చెప్పే రచనలు అందులో ఒకచోటికి చేరాయి. విల్ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1950లో రాసిన వ్యాసం అందులో ఉంది. భారత ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో జిల్లాలు తిరిగి, 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపలేదు. రజాకార్ల దౌర్జన్యం గురించి మనం చదువుకున్నాం, చదువుకోవాలి కూడా. షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపిన చేతులు మావి కావని చెప్పి తప్పించుకోవాలని మాకు లేదు. ఆయనా మావాడే, ఆయన్ని చంపినవాళ్ళూ మా పేర్లే పెట్టుకున్నారు. కాని ఆ తర్వాతి పేజీని చింపేసి చరిత్ర చెబితే ఒప్పుకోం.

ఆ పేజీలో చావులతో పాటు నౌకరీల సంగతి కూడా ఉంది. నిజాం సర్కారు సైన్యం రద్దయింది. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. జాగీర్దారు పోవడం మంచిదే, మేమూ సంతోషించాం. అయితే జాగీర్దారు ఇంట్లో వంట చేసినవాడు, గుర్రాలు కాసినవాడు, కాపలా ఉన్నవాడు, లెక్కలు రాసినవాడు ఏమయ్యారు? జాగీర్దారుకు పరిహారం లెక్కగట్టారు. నౌకరుకు లెక్క గట్టలేదు. నిన్నటి సిపాయి రిక్షా పట్టాడు. భూమి లేదు, చేతిలో పని లేదు, తెలిసిన భాషకు దఫ్తర్‌లో చోటు లేదు. మా పేదరికానికి ఒక తారీఖు ఉందని, అది మా మతం వల్లనో మా బద్ధకం వల్లనో వచ్చింది కాదని చెప్పడానికి ఆ పుస్తకం మాకు పనికొచ్చింది.

2003లో ఖాలిదీ 'ఖాకీ అండ్ ది ఎత్నిక్ వయొలెన్స్ ఇన్ ఇండియా' తెచ్చాడు. సైన్యం, పారామిలిటరీ, పోలీసుల్లో ఏ మతంవాళ్ళు, ఏ జాతులవాళ్ళు ఎందరు, అల్లర్లప్పుడు ఆ బలగాలు ఎట్లా నడుచుకున్నాయి అని అడిగిన పుస్తకం. పైకి అది నౌకరీల లెక్క. లోపల అది ప్రాణాల లెక్క. కర్ఫ్యూ రాత్రి గల్లీలోకి వచ్చే జీపులో మన భాష తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడా లేడా అన్నది పాతబస్తీలో ఏ తల్లిని అడిగినా చెబుతుంది ఎంత పెద్ద విషయమో. 2006 ఫిబ్రవరిలో సచార్ కమిటీ సైన్యంలో ముస్లింలెందరని అడిగినప్పుడు పార్లమెంటు దాకా గొడవ జరిగింది. లెక్కపెడితే సైన్యం చీలిపోతుందన్నారు. లెక్కపెట్టకుండా ఉంటే మేం కలిసి ఉన్నట్టా? చివరికి సైన్యం అంకెలు లేకుండానే నివేదిక వచ్చింది. అదే ఏడాది ఖాలిదీ 'ముస్లిమ్స్ ఇన్ ఇండియన్ ఎకానమీ' కూడా వచ్చింది. ఒక కమిటీ సర్కారు అధికారంతో అడిగిన ప్రశ్నలనే ఒక లైబ్రరీ నౌకరు ఒంటరిగా అడిగాడు.

ఇక వలస. మా ఉర్దూలో వలసకు రెండు మాటలున్నాయి. ఒకటి హిజ్రత్. దానికి పవిత్రత ఉంది, ప్రవక్త ప్రయాణం ఉంది. 1948 తర్వాత కరాచీ పోయినవాళ్ళను ముహాజిర్లు అన్నారు. రెండోది 'బాహర్ జానా'. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ తలుపులు తెరుచుకున్నప్పుడు మా గల్లీల్లో పుట్టిన మాట. 'మియా బాహర్ హై' అంటే చాలు, దుబాయో జెద్దానో కువైటో అడగక్కర్లేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, భార్య ఇక్కడ, డ్రాఫ్టు నెలకోసారి. ఇందులో పవిత్రత ఏమీ లేదు, పొట్ట ఉంది. 1983లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. చదువు తక్కువ ఉన్న కూలివాడు దేశం దాటాలంటే సర్కారు అనుమతి తీసుకోవాలంది. అనుమతి కాగితం మీద ముద్ర ఇక్కడ పడింది. అక్కడ జీతం ఎగ్గొడితే అడిగే చేయి మాత్రం అంత దూరం చాలలేదు.

ఈ కథను కూడా రాసినవాళ్ళున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్రం చెప్పిన రత్నా నాయుడు 1990లో పాతబస్తీ మీద పుస్తకం తెచ్చారు. మతకల్లోలాన్ని మతంలో కాక బస్తీ బతుకులో, ఉపాధిలో వెతికిన పని అది. కరెన్ లియోనార్డ్ 2007లో విదేశాల్లోని హైదరాబాదీల మీద పుస్తకం వేసింది. పాకిస్తాన్, బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, కువైట్, ఎమిరేట్స్ తిరిగి, ఊరిని ఎవరు ఎట్లా గుర్తుపెట్టుకున్నారో అడిగింది. ఒకరు హిందూ స్త్రీ, ఒకరు అమెరికన్ స్త్రీ. మా గురించి మేమే రాసుకోవాలన్న మాట నిజమే. కాని మేం రాయలేని రోజుల్లో మా గడప తొక్కి వినిపోయినవాళ్ళను పరాయివాళ్ళని అనలేం.

లెక్క లేకపోతే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేసింది. అదీ పోయింది. ఎవరు వెనుకబడ్డారో, ఎంత వెనుకబడ్డారో సరైన పద్ధతిలో తేల్చకుండా ఇస్తే చెల్లదన్నది కోర్టు మాటల సారం. అప్పుడు రిటైర్డ్ ఐ.ఎ.ఎస్. అధికారి పి.ఎస్. కృష్ణన్ చేత అధ్యయనం చేయించి 2007లో 4 శాతం ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి అది నిలబడింది. సర్కారు దయతో ఇచ్చినది రెండుసార్లు పోయింది. లెక్కతో అడిగినది ఊగుతూనైనా నిలిచింది.

ఆ 2007 జాబితా తీసి చదవండి. అచ్చుకట్టు సాయిబులు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడి సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు, హజ్జాములు, ఖురేషీలు, తురక కాశలు. తిరగళ్ళకు గంట్లు కొట్టేవాళ్ళు, రాళ్ళు పగలగొట్టేవాళ్ళు. మెహతర్లు, దూదేకులవాళ్ళు అంతకుముందే బి.సి. జాబితాల్లో ఉన్నారు. ఇది మతం జాబితానా? ఇది పనుల జాబితా. మేం అందరం ఒకటే, మాలో కులం లేదు అని మసీదు మిహ్రాబ్ ముందు నిలబడి చెప్పే పెద్దలకు ఈ జాబితా ఇబ్బందిగా ఉంటుంది. 'ముస్లింలకు రిజర్వేషనా' అని అరిచేవాళ్ళకూ ఇబ్బందిగానే ఉంటుంది. ఇద్దరూ చూడదలచుకోనిది ఒకటే: ఎలుగును ఆడించి బతికిన సాయిబుకు ఏ తఖ్తూ లేదు.

తెలంగాణ వచ్చాక 2015లో సుధీర్ కమిషన్ వేశారు. అబ్దుల్ షాబాన్, అమీరుల్లా ఖాన్ వంటి పరిశోధకులు అందులో ఉన్నారు. 2016లో నివేదిక వచ్చింది. 2017 ఏప్రిల్‌లో శాసనసభ 12 శాతం బిల్లు ఆమోదించింది. కేంద్రం గడప దాటి అది రాలేదు. 2024 నవంబర్‌లో మొదలైన ఇంటింటి కులసర్వే రాష్ట్రంలో ముస్లింలు 12.56 శాతమని, అందులో 10.08 శాతం బి.సి.లని చెప్పింది. అంటే ప్రతి ఐదుగురిలో నలుగురు చేతిపని వారసులే. నవాబుల జాతి అన్న మాటను ఇక పాతిపెట్టవచ్చు.

ఇప్పుడు మళ్ళీ బన్సీలాల్‌పేట్ వైపు చూద్దాం. 2022 ఈ చుట్టుపక్కల మరచిపోరాని ఏడాది. మార్చి 23 తెల్లవారకముందే బోయిగూడలోని తుక్కు గోదాములో మంటలు లేచాయి. పైన నిద్రపోతున్న బీహారీ కూలీల్లో పదకొండు మంది చనిపోయారు. ఒక్కడు దూకి బతికాడు. పేరుకు బోయీల గూడ. అక్కడ ఇంకా బరువు మోసేవాళ్ళే కాలిపోతున్నారు. రాష్ట్రం 5 లక్షలు, ప్రధాని నిధి 2 లక్షలు ప్రకటించాయి. అంతర్రాష్ట్ర వలస కార్మికులకు 1979లోనే చట్టం వచ్చింది. పేర్లు నమోదు చేయాలి, ఉండే చోటు చూపాలి అంది. 2020లో పార్లమెంటు దాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపేసింది. చట్టం పేరు మారింది. గోదాము పైన పడుకునే పద్ధతి మారలేదు.

ఆ పదకొండు మంది మతం ఏమిటని మేం అడగం. మమ్మల్ని ముస్లింలుగా లెక్కపెట్టండని అడిగితే కార్మికులను చీలుస్తున్నారని కొందరు మిత్రులు మామీద కోపపడతారు. వాళ్ళకు మేం చెప్పేది ఇదే. దుబాయిలో ఇనుప మంచం మీద పన్నెండుమంది మధ్య పడుకున్న మా పిల్లవాడికి, బోయిగూడలో తుక్కు మీద పడుకున్న ఛప్రా పిల్లవాడికి చుట్టరికం ఉంది. అది మాకు పుస్తకం చదివి తెలియలేదు. కాని ఆ చుట్టరికాన్ని హక్కుగా మార్చాలంటే ఇద్దరి లెక్కా రావాలి. పట్టణాల్లో క్రమమైన నౌకరీ ఉన్నవాళ్ళు ముస్లిం పనివాళ్ళలో 27 శాతం, అగ్రకుల హిందువుల్లో 49 శాతమని సచార్ చెప్పినప్పుడు దాంట్లో దళితుల అంకె, బి.సి.ల అంకె కూడా పక్కనే ఉంది. ఒకరి లెక్క ఇంకొకరి లెక్కను చెరపదు.

అదే 2022 డిసెంబర్ 5న బన్సీలాల్‌పేట్ మెట్లబావిని బాగుచేసి తెరిచారు. ఏళ్ళ తరబడి చెత్తతో పూడిపోయిన బావి అది. మళ్ళీ నీళ్ళు ఊరాయి. మంచి పని, మేమూ సంతోషించాం. ఆ తర్వాత మూడు రోజులకు, డిసెంబర్ 8న, మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నట్టు కేంద్రమంత్రి లోక్‌సభకు చెప్పారు. సచార్ నివేదిక తర్వాత 2009లో మొదలైన ఫెలోషిప్ అది. ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ పిల్లలు ఎం.ఫిల్., పి.హెచ్.డి. చేయడానికి ఇచ్చేది. ఇటువంటివి వేరే ఉన్నాయి కాబట్టి ఇది అక్కర్లేదన్నారు. ఒకే వారంలో ఒక బావి తెరుచుకుంది, ఒక బావి పూడింది.

ఈ రెండో బావి సంగతి మాకు చిన్నది కాదు. ఉమర్ ఖాలిదీ ఆచార్యుడి కొడుకు. అమెరికా పోగలిగాడు. 2010 నవంబర్ 29న రైలు ప్రమాదంలో పోయేదాకా లైబ్రరీ జీతం మీద పరిశోధన సాగించగలిగాడు. పంచర్ షాపువాడి బిడ్డకు ఆ దారి లేదు. కట్టెల అడితీలో కూలి చేసేవాడి బిడ్డకు లేదు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే తల్లికి హాజరుపట్టీ లేదు. ఆమె పని ఎవరి రిజిస్టర్‌లోనూ పడదు. ఆమె లెక్క ఆమె కూతురే రాయాలి. ఆ కూతురికి ఐదేళ్ళు తిండి, పుస్తకం, బస్సు చార్జీ కావాలి. ఫెలోషిప్ అంటే అంతే. దాన్ని తీసేయడమంటే మా గురించి రాసే హక్కు మళ్ళీ ఉన్నోళ్ళకే ఇవ్వడం.

ఇంకో మాట మాలో మేం చెప్పుకోవాలి. ఖాలిదీ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. సచార్ నివేదిక పేరు తెలియని ముస్లిం లేడు, చదివిన ముస్లింలు ఎందరు? మా ఉర్దూ జల్సాల్లో ముషాయిరాకు దొరికినంత చందా ఒక సర్వేకు దొరకదు. మా జమాతులు జకాత్‌తో రేషన్ పంచుతాయి, దుప్పట్లు పంచుతాయి. ఒక ఆడపిల్ల పరిశోధనకు ఇవ్వమంటే ఇది ఏ ఖాతా కిందికి వస్తుందని అడుగుతారు. తెలుగు మిత్రులకూ ఒక మాట. కార్మికోద్యమ చరిత్రలు రాసేటప్పుడు బోయిగూడ, కవాడిగూడ, ముషీరాబాద్, లాలాగూడ గల్లీల్లోకి ఉర్దూ తెలిసినవాడిని వెంటబెట్టుకుని రండి. సగం చరిత్ర ఆ భాషలో కూర్చుని ఉంది.

సేఠ్ పేరు బస్తీకి ఉంది. ఉండనివ్వండి. ఆ బస్తీలో బరువెత్తిన ప్రతి మనిషికీ ఊరు, పని, కూలి, పేరు రాసి ఉన్న పుస్తకం ఒకటి కావాలి. అది తెలుగులో రావాలి, ఉర్దూలో రావాలి. రాయడానికి పిల్లలున్నారు. వాళ్ళ ఐదేళ్ళ తిండి ఖర్చు ఎవరు పెడతారో సర్కారూ చెప్పాలి, మేమూ చెప్పాలి.